దసరా నాటి నకలు

ఏనుమాముల మార్కెట్ల పొద్దుగాల ఆరింటికి
సర్వర్ ఒక్కసారి దగ్గి ఆగింది.
మిరప ఘాటుకు మనుషులు దగ్గుడు ఎరికే,
మిషిన్లు గూడ దగ్గుతయని ఆ పొద్దు తెలిసింది.

నేను కాంట్రాక్టు మనిషిని.
ఏ బోర్డు మీదా నా పేరుండదు,
తాళంచెవులు మాత్రం నా దగ్గర్నే ఉంటయి.
హన్మకొండ నుంచి బండి మీద ఉరికొస్తే
గేటు అవతల రోడ్డు పొడుగూతా ట్రాలీలు,
సంచుల మీద మంచుకు తడిసిన దుప్పట్లు,
దుప్పట్ల కింద పరకాల, చిట్యాల, ఏటూరునాగారం
ఇంకా నిద్రల ఉన్నయి.

ఆఫీసుల నలభై ఒక్క మంది
తెరల ముంగట చేతులు కట్టుకొని.
అన్ని తెరల మీద ఒక్కటే మాట:
మీకు ప్రవేశం లేదు.
ఇరవై ఆరేండ్ల నౌకరి చేసిన తూకం గుమస్తా ఎల్లస్వామి
ఆ మాటను వేలుతోటి తుడిచి చూసిండు,
దుమ్మేమో అని.

మూత ఇప్పితే నిజంగనే దుమ్ము.
ఎర్రగ, సన్నగ, మూడు సీజన్ల కారం
పంకా రెక్కలకు కుంకుమ పెట్టినట్టు.
దస్తీ మూతికి కట్టుకొని ఊదిన.
కండ్లల్ల నీళ్లు.
డిస్కు పోయింది.
చూసినోళ్లు ఏడుస్తున్నననుకుంటరు,
అనుకోనీ అనిపిచ్చింది.

బయట హమాలీ రాజకొంరు
బొగ్గుముక్కతోటి సంచుల మీద అంకెలేస్తున్నడు.
"మీది నడిచేదాక మాది నడుస్తది తీ,
నువ్వు నిమ్మలంగ చేసుకో."

పదకొండున్నరకు ఒక బ్యాకప్ దొరికింది.
దసరా ముందటి రోజుది.
ఆ తర్వాత ఎవ్వరూ తియ్యలే.
ఎవ్వరూ అంటే,
నేనే.

అదే ఎక్కిచ్చిన.
ఒక్కొక్కరిని పిలుసుడు, కార్డు చూసుడు,
కొత్త పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చుడు.
క్యాషియర్ ఫర్హత్ బేగం ఒక్కసారి చదివి
చీటీని చింపి చాయ్ గిలాసల ఏసింది.
ఎల్లస్వామికి మూడుసార్లు కొత్తది ఇచ్చిన,
మూడుసార్లూ పెద్దక్షరాల మీట నొక్కే ఉంది.

ఇరవై తొమ్మిదో పేరు.
బుర్ర సారంగపాణి, వేలం విభాగం.
పక్కన పచ్చచుక్క.
పిలువబోయి ఆగిన.

సారంగపాణి కార్తీకంల పోయిండు.
దసరా ముందటి రోజు మాత్రం
ఆయనకు జీతముంది, లాగిన్ ఉంది,
టిఫిన్ డబ్బల సగం కొరికిన సర్వపిండి ఉంది.
మిషిన్‌కు ఆయన చచ్చిన ముచ్చట
మనమే చెప్పాలె, ఇంకొకసారి.

ఇటు తలుపు కాడ తాడ్వాయి పిల్ల ఈసం నాగరాణి,
పుష్యంల చేరింది, అదే కుర్చీల.
లిస్టు మొత్తం చదివినా ఆమె పేరు రాలే.
"సార్, నేను లేనా?"
"ఉన్నవమ్మా. దసరాకు లేవు."
నవ్వుతదనుకున్న. నవ్వలే.
మెడల కార్డును గట్టిగ పట్టుకుంది.

లెక్క నలభై ఒకటే.
మనుషులే కలుస్తలేరు.

తొలగించాలా, అని తెర అడిగింది.
నా చెయ్యి మౌస్ మీద ఊకనే ఉన్నది.
ఎల్లస్వామి లేచొచ్చి, "జరుగు" అన్నడు,
దుమ్ము తుడిచిన అదే వేలుతోటి నొక్కిండు.
"పొయ్యేటప్పుడు గూడ గిట్లనే సప్పుడు చెయ్యకుంట పొయిండు"
అనుకుంట చాయ్‌కి పొయిండు, పైసలు తీస్కోకుంట.

ఒంటిగంట ఇరవైకి మొదటి తూకం చీటీ.
పొద్దుటి ధర అప్పటికే మూడొందలు దిగింది.
చిట్యాల రైతు చీటీని తిప్పి తిప్పి చూసి
నన్ను తిట్టలే. ఎవరిని తిట్టాల్నో ఆయనకు ఎరుకలే.
నాకు ఎరికే. నేను చెప్పలే.

ఆయన సంచులు తెర మీద ఇరవై రెండు,
బొగ్గు అంకె ఇరవై మూడు.
మళ్ల లెక్కబెడితే
బొగ్గే నిజం.

రాత్రి నాలుగుసార్లు సబ్బుతోటి కడుక్కున్న.
అన్నం కలుపుతుంటే
వేళ్లు మండుతనే ఉన్నయి.